తన మీద తానే అర్జీ రాసిన లింగన్న

లండన్‌లో ఒక ప్రధానమంత్రిని కుర్చీలోంచి కదిలించడానికి నలభై ఎనిమిది మంది ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. మా లింగన్నకు ఐదు సరిపోయాయి. ఆ ఐదూ లింగన్నే రాశాడు. తన మీద జనానికి నమ్మకం పోయిందని, తన చేత్తో, గుండ్రటి అక్షరాలతో, కింద గీత గీసి మరీ రాశాడు. ఇలాంటి నాయకుడు ప్రపంచంలో ఇంకొకడున్నాడని ఎవరైనా చూపిస్తే నేను బస్సు నడపడం మానేస్తాను. ఈ సంగతి తెలిసి లండన్ నుంచి ఆయనకు ఫోనొచ్చిందంటే మీరు నమ్మరు. అందుకే అది చెప్పను.

నేను చెప్పేదాంట్లో అబద్ధం ఉంటుందని మా క్యాంపులో ఒక పుకారుంది. పట్టించుకోకండి. ఇంటర్ రెండో ఏడాది పరీక్ష హాలు గుమ్మం దాకా వెళ్లి, ఆ ప్రశ్నలకు నేను ఎక్కువైపోతానని తోచి వెనక్కి వచ్చినవాణ్ని. రిఫా ఊరి చివర ఉన్న మా క్యాంపు నుంచి బుదైయాలో విల్లాలు కడుతున్న సైటుకు రోజూ నా బస్సులోనే మనుషులు వెళ్తారు. దారిలో సిగ్నళ్లు నన్ను చూసి ఆకుపచ్చగా మారతాయి. ఇక లింగన్న సంగతి.

ఆయనది జగిత్యాల దగ్గర ఒక పల్లె. వయసు యాభై రెండు. ఈ చిన్న అరబ్బు దేశానికొచ్చి పదిహేనేళ్లయినా, ఊళ్లో అందరి లెక్కలో ఆయన దుబాయిలోనే ఉన్నాడు. ఆయన భార్య అంజవ్వ మొదట్లో అది దుబాయి కాదని సర్దిచెప్పేదట. తరవాత విసుగొచ్చి ఆమె కూడా దుబాయే అంటోంది. చదివింది ఏడో తరగతి. గోడలకు ప్లాస్టరింగ్ చేసేవాళ్లకు సిమెంటు కలిపి అందించే పని. అయితే ఆయన అసలు పని సాయంత్రం ఏడింటికి, స్నానం చేసి, మంచం మీద అట్టముక్క పరుచుకున్నాక మొదలయ్యేది.

మొదట్లో ఆయన పనిచేసిన కంపెనీలో ఒక హైదరాబాద్ మున్షీ ఉండేవాడు. అర్జీ రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ముందు గౌరవం పెట్టాలి, కారణాలు రెండుకు తగ్గకూడదు, చివర తేదీ వెయ్యాలి. లింగన్న ఈ మూడింటినీ ఎప్పుడూ దాటలేదు. సెలవు కావాలన్నా, ఏసీ కారుతోందన్నా, మంచం మార్చాలన్నా, ఊళ్లో సర్పంచుకు ఫిర్యాదు చెయ్యాలన్నా, రాయడం రానివాళ్లందరికీ ఆయనే రాసిపెట్టాలి. హిందీలో కావాలంటే హిందీలో, తెలుగులో కావాలంటే తెలుగులో. ఆయన రాసిన సెలవు చీటీ చదివి ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కళ్లు తుడుచుకున్నాడు. ఇంకో కఫీల్ అడిగిన నెలకు మూడు నెలలిచ్చి, తన కారులో ఎయిర్‌పోర్టుకు దింపాడు. రెండోది నేను కళ్లారా చూశాను, మొదటిది ఊహించాను.

మా బ్లాకులో ముప్పై ఒక్క మందిమి, అందరం తెలుగువాళ్లమే. సగానికి పైగా తెలంగాణ వాళ్లు, మిగతావాళ్లం కోస్తా వాళ్లం. క్యాంపు బాసుతో మాట్లాడటానికి బ్లాకుకొక పెద్ద ఉంటాడు. మా పెద్ద లింగన్న. దానికి జీతం లేదు, కుర్చీ కూడా లేదు. కొత్తగా వచ్చినవాడికి మంచం చూపించాలి, జ్వరమొచ్చినవాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లాలి, నీళ్లు రాకపోతే బాసు గది ముందు నిలబడాలి. తొమ్మిదేళ్లుగా ఆ పని ఆయనదే. పోటీకి ఎవరూ రాలేదు.

గొడవంతా కూడుతో వచ్చింది. క్యాంపులో భోజనం ఒక కాంట్రాక్టరు పెట్టేవాడు. పప్పులో పప్పు కోసం దిగితే ఈత రావాలి. ఆ సెప్టెంబరులో ఒక శుక్రవారం కూర్చుని, కాంట్రాక్టరు మెస్‌లోంచి బయటికొచ్చి సొంతంగా వండుకుందామా, ఉండిపోదామా అని చేతులెత్తించారు. బయటికి పదిహేడు చేతులు, ఉండిపోదామని పద్నాలుగు. ఆ పద్నాలుగులో లింగన్న చెయ్యి ఒకటి. పది గంటలు సిమెంటు మోసినాక ఉల్లిగడ్డలు కోసే ఓపిక ఎవరికుంటుందని ఆయన వాదన. కానీ చేతులు లెక్కపెట్టడం అయిపోగానే లేచి, "పదిహేడు మంది అన్నరు. ఖలాస్. ఇగ నా పని గదే," అన్నాడు.

మూడు నెలలు బాసు చుట్టూ తిరిగి ఒక ఒప్పందం తెచ్చాడు. బ్లాకు చివర ఖాళీగా ఉన్న సామాన్ గదిని వంటగదిగా ఇస్తారు. పొయ్యి, గ్యాసు కంపెనీవే. అయితే రాత్రి వంట మాత్రమే మాది. మధ్యాహ్నం డబ్బా మాత్రం, వచ్చే ఏడాది రంజాన్ దాకా, కాంట్రాక్టరు దగ్గరే తీసుకోవాలి. నూనెలో వేపుళ్లు చెయ్యకూడదు, పొగకు అలారం మోగుతుంది. గ్యాసుకు బాధ్యుడిగా బ్లాకు పెద్ద సంతకం చెయ్యాలి. నేషనల్ డే సెలవులకు ముందు వచ్చే శనివారం తాళంచెవి ఇస్తారు. ఆ రోజు సంతకం పడకపోతే, అదే గది కోసం ఎదురుచూస్తున్న నేపాలీల బ్లాకుకు వెళ్లిపోతుంది.

ఈ ఒప్పందం విని ముప్పై మందీ ఒక్కటయ్యారు. ఎవరికీ నచ్చలేదు.

"గిది బయటికొచ్చుడా?" అన్నాడు కిషన్. అతను నిర్మల్ వైపువాడు, ఇరవై ఎనిమిదేళ్లు, ఎలక్ట్రీషియన్ దగ్గర హెల్పరు, డిగ్రీ చదివాడు. "పగలు వాని డబ్బనే తినాలె, రాత్రి వాడు చెప్పినట్టు వండాలె. గింత దానికి చేతులెందుకు ఎత్తినమే?"

ఉండిపోదామన్న లోవరాజుకు ఇంకో బాధ. తునివాడు, మేస్త్రీ. "నాకు ముందే తెలుసండి. వేపుడు లేని వంటగది ఎందుకండి, పడుకోడానికా? చేప వేపుకోకూడదంటే, ఆ కాంట్రాక్టరే నయం. ఆడు ఆదివారం ఒక ముక్కయినా పడేస్తాడు."

"వానికి పడేసుడు అలవాటే," అన్నాడు లింగన్న.

అదే రోజుల్లో లండన్‌లో కూడా ఇదే గొడవ. మా సైటు ఇంజినీరు ఇంగ్లీషాయన. ఆఫీసు గదిలో టీవీ పెట్టుకుని తల పట్టుకు కూర్చునేవాడు. ఏసీ బాగుచెయ్యడానికి వెళ్లిన కిషన్, ఏమైంది సార్ అని అడిగాడు. వాళ్ల దేశం యూరప్ దేశాల కూటమిలోంచి బయటికొస్తానని ఓట్లేసుకుంది, ప్రధానమంత్రి తెచ్చిన ఒప్పందం అటువాళ్లకూ ఇటువాళ్లకూ నచ్చలేదు, ఇప్పుడు సొంత పార్టీవాళ్లే ఆమెను దించాలని చూస్తున్నారు అని ఆయన చెప్పాడు. ఎలా దించుతారో కూడా చెప్పాడు. పార్టీ ఎంపీల్లో నూటికి పదిహేను మంది, నాయకురాలి మీద నమ్మకం లేదని రహస్యంగా ఉత్తరాలు రాసి ఒక పెద్దమనిషి చేతికివ్వాలి. అన్ని ఉత్తరాలు చేరగానే ఓటింగు. నాయకురాలు గెలిస్తే ఏడాది దాకా మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

కిషన్ ఆ సాయంత్రం బస్సులో నా వెనక సీట్లో కూర్చుని లెక్క వేశాడు. ముప్పై ఒక్కరికి నూటికి పదిహేను చొప్పున నాలుగున్నర మంది పైచిలుకు. అర మనిషి దొరకడు కాబట్టి ఐదుగురు. ఉత్తరాలు దాచే పెద్దమనిషిగా గణపతి మామను ఎంచారు. గణపతి మామ క్యాంపు వాచ్‌మన్, వయసు అరవై, ఎవరి మాటా ఇంకొకరికి చెప్పడు. ఆయన తన రేకుపెట్టె అడుగున ఒక కవరు పెట్టి, "ఏసెటోళ్లు ఏయిండ్రి," అన్నాడు.

పద్ధతి లండన్‌దే. మనుషులు మాత్రం మావాళ్లు. ఉత్తరం రాయాలంటే మా బ్లాకులో ఎవరి దగ్గరికి వెళ్తారు?

మొదట వచ్చింది లోవరాజు. నేను పక్క మంచం మీద మొహానికి తువ్వాలు కప్పుకుని, నిద్రపోతున్నవాడికి కూడా రానంత నమ్మకంగా గురక పెడుతున్నాను. లింగన్న అట్టముక్క తీశాడు.

"ఎవరికి రాయాలె?"

"గణపతి మావకండి."

"గణపతి మామకా? ఏం కావాలె మామతోని?"

లోవరాజు కాసేపు కాళ్ల వేళ్లు చూసుకున్నాడు. "మన బ్లాకు పెద్ద మీద నమ్మకం లేదని రాయాలండి."

లింగన్న కలం మూత తీశాడు. "బ్లాకు పెద్దంటే నేనే గదనే."

"ఆయ్, మీరేనండి. మీకు చెప్పకూడదంట. రహస్యం అంటండి."

"మరి నాకెందుకు జెప్తున్నవ్?"

"మీరు రాయకపోతే ఇంకెవరు రాస్తారండి నాకు?"

లింగన్న కాగితం తిన్నగా పెట్టుకున్నాడు. గౌరవనీయులైన గణపతి గారి సముఖమునకు, నమస్కరించి వ్రాయునది, అని మొదలుపెట్టాడు. "కారణం జెప్పు."

"చేప వేపుకోనివ్వరంటండి."

"ఒక్క కారణం సరిపోదు లోవరాజూ. ఇంకోటి జెప్పు."

"ఇంకోటి లేదండి. మీరు మంచోరే."

"గట్ల రాస్తే అర్జీ నిలవదు. గీ మధ్య నేనేమన్న తప్పు జేసిన్నా? యాదికి తెచ్చుకో."

లోవరాజు చాలాసేపు ఆలోచించాడు. దొరకలేదు. చివరికి లింగన్నే చెప్పాడు. "మొన్న నీకు జ్వరమొస్తె ఆస్పత్రికి తోలుకపోవుడు పొద్దుగూకినాక యాదికొచ్చింది నాకు. గది రాద్దాం." రాశాడు. తేదీ వేశాడు. లోవరాజు వేలిముద్ర వేసి, చేతులు జోడించి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే, ప్లాస్టరింగ్ పని చేసే అన్నదమ్ములిద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చారు. ఇద్దరికీ రాశాడు. అన్న ఉత్తరంలో ఉన్న మాటలే తమ్ముడి ఉత్తరంలో పడకుండా జాగ్రత్తపడ్డాడు కూడా. కిషన్‌కు రాయడం వచ్చు. అయినా అతని ఉత్తరం కూడా లింగన్న చేతిమీదుగానే వెళ్లిందని క్యాంపులో అంటారు. అన్నది నేనే.

డిసెంబరు పదో తేదీ సోమవారం గణపతి మామ కవరు పట్టుకుని వచ్చాడు. నేను మళ్లీ తువ్వాలు కప్పుకున్నాను.

"లింగా, గీ కాయితాలు జూసి ఎన్ని ఉన్నయో, ఎవలెవలియో జెప్పు. నాకు సదువు రాకపాయె."

"మామా, ఇవి నేను జూడొద్దు."

"మరి ఎవలతోని సదివిపియ్యాలె? ఇంకెవనికన్న జూపిస్తె గుట్టు బయటపడదా? నువ్వైతే ఎవలికి జెప్పవని నీ దగ్గరికొచ్చిన."

లింగన్న నవ్వాడు. కాగితాలు ఒక్కొక్కటే విప్పి చదివాడు. కిషన్ కాగితం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. "నాలుగున్నయి," అన్నాడు.

"ఐదైతేనే ఓటింగట గదా. ఒక్కటి తక్కువున్నది. అయితే కతం. నువ్వు పెద్దగనే ఉంటవ్, ఎవలికీ ఏం తెల్వది."

అక్కడితో అయిపోయేది. ఆ నాలుగూ రేకుపెట్టె అడుగున ఉండిపోయేవి, శనివారం లింగన్న సంతకం చేసేవాడు, తాళంచెవి వచ్చేది. కానీ ఆయన అట్టముక్క మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"మామా, నలుగురు రాసిండ్రంటె, రాయక మనసుల పెట్టుకున్నోళ్లు ఇంకెందరున్నరో. నేను సంతకం పెట్టినంక రోజు పొయ్యికాడ గిదే గొనుగుడు ఉంటది. కొట్లాడుకుంటె బాసు వచ్చి గది గుంజుకుంటడు. అడగాల్సింది ఇప్పుడే అడుగనియ్యి."

"అయితే ఐదోది ఎవలు రాస్తరు?"

లింగన్న కొత్త కాగితం తీశాడు. గౌరవనీయులైన గణపతి గారి సముఖమునకు. కారణాలు రెండు రాశాడు. ఒకటి, పెద్దకు తన మీద ఎందరికి నమ్మకముందో తెలియదు. రెండు, తెలియకుండా సంతకం చెయ్యడం ఆయనకు ఇష్టం లేదు. తేదీ వేసి, కింద ఇట్లు లింగన్న అని పెట్టి మామ చేతికిచ్చాడు. నా గురక ఆగిపోయింది. ఇద్దరూ నా వంక చూశారు గానీ, నేను దగ్గి సర్దుకున్నాను.

ఆ బుధవారమే లండన్‌లో నలభై ఎనిమిదీ నిండి ఓటింగు జరిగింది. మర్నాడు పొద్దున బస్సెక్కేసరికి కిషన్ దగ్గర వార్త ఉంది. ఆమెను ఉండమన్నవాళ్లు రెండు వందలు, దిగమన్నవాళ్లు నూట పదిహేడు. "ఆమె గెలిచింది," అన్నాడు కిషన్, నేనే గెలిపించినట్టు నా వంక చూస్తూ.

"మరి మనది?"

"శుక్రవారం. గణపతి మామ ఐదు వచ్చినయన్నడు." ఆ ఐదోది ఎవరిదో అతనికి తెలియదు. నాకు తెలుసు. మూడు రోజులు నోరు మూసుకోవడమంటే నాకు ఎంత కష్టమో మీరు ఊహించలేరు. ఒకసారి చెప్పబోయి హారన్ కొట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం బ్లాకు ముందు చాపలు వేశారు. నేషనల్ డే కోసం క్యాంపు గేటుకు ఎర్ర, తెల్ల తోరణాలు కట్టారు. ఎండ హాయిగా ఉంది. ఒక్కొక్కరికి ఒక శనగ, ఒక పెసర ఇచ్చారు. శనగ వేస్తే లింగన్న ఉండాలి, పెసర వేస్తే దిగాలి, కిషన్ పెద్ద అవుతాడు. బియ్యం సంచి లోపల పాల డబ్బా పెట్టారు, ఎవరి చెయ్యీ కనిపించకుండా.

కిషన్ నిలబడి మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, ఒప్పుకోవాలి. "లింగన్న మంచోడు కాదని నేననలే. మెత్తగ అడుగుతడు. బాసు కాదంటె సరేనని వస్తడు. రెండోసారి అడగడు. పొగ అలారం మోగుతదంటె, ఫ్యాను పెట్టిస్తవా అని అడగాలె గదా. ఎందుకడగలే?"

అది నిజమని అందరికీ తెలుసు. లింగన్న లేచాడు.

"కిషన్ అన్నది కరెక్టే. ఫ్యాను సంగతి నాకు తోచలే. నేను జెప్పేది ఒక్కటే. రేపు పొద్దుగాల సంతకం పడాలె. మీరు కిషన్‌ని నిలబెడితె, నేనే ఎంట దోలుకపోయి, ఇగో మా పెద్ద అని బాసుకు జెప్పి వస్త. బాసుకు నా మాట మీద ఉన్న నమ్మకం ఈనికి అప్పజెప్తా. ఎవలు దిగినా గది మాత్రం పోవద్దు."

అంతే. కూర్చున్నాడు. లోవరాజు పక్కనున్నవాడితో గుసగుసలాడటం వినపడింది. "మరి ఆయన మీద నేను రాయించింది వెనక్కి తీసుకోవచ్చంటావా?"

"తీసుకోరాదట. శనగ ఏయి."

నేను ఏ గింజ వేశానో చెప్పను, రహస్యం. శనగ. గణపతి మామ డబ్బా చాప మీద బోర్లించి, అందరి ముందూ వేరు చేశాడు. శనగలు పంతొమ్మిది. పెసలు పన్నెండు.

కిషన్ మొహం చిన్నబోయింది. చెయ్యి చాచాడు గానీ చూపు కింద ఉంది. లింగన్న ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఏడాది దాక అడగొద్దని రూలట గదా?"

"ఔ."

"నువ్వు నన్ను అడగొద్దు. బాసును అడుగుడు బందు జెయ్యకు. రేపు నాతోని రా. నేను మెత్తగ అడుగుత, ఆయన కాదంటడు. రెండోసారి నువ్వడుగు."

శనివారం పొద్దున ఇద్దరూ వెళ్లారు. నేను గుమ్మం బయట ఉన్నాను, బస్సు డీజిల్ కాగితం మీద సంతకం కావాలని వంక పెట్టుకుని. లింగన్న ఫ్యాను గురించి అడిగాడు. బాసు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు కిషన్ ముందుకొచ్చి, "ఫ్యాను మీరు ఇవ్వండి సార్, గోడకు కన్నం కొట్టేది, వైరు లాగేది నేను. డ్యూటీ అయ్యాక చేస్తా," అని ఇంగ్లీషులో చెప్పాడు. బాసు ఆలోచించాడు. స్టోరులో పాత ఎగ్జాస్టు ఫ్యాను ఒకటి ఉందన్నాడు. అది తిరిగితే వేపుకోండి, తిరక్కపోతే లేదు. యల్లా, కానివ్వండి, సంతకం పెట్టండి.

లింగన్న పెట్టాడు. ఆయన పేరు కింద ఇంకో గీత ఖాళీగా ఉంటే, కాగితం కిషన్ వైపు జరిపాడు. కిషన్ కూడా పెట్టాడు. తాళంచెవి కిషన్ జేబులోకే వెళ్లింది.

ఫ్యాను తిరిగింది. మొదటి రెండు రోజులు గాలి లోపలికి లాగింది, మూడో రోజుకు కిషన్ దాని బుద్ధి మార్చాడు. ఆ సాయంత్రం లోవరాజు బంగడా చేపలు వేపాడు. వాసనకు నేపాలీ బ్లాకు వాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చారు, ఎదురు బ్లాకు పిల్లులు గిన్నెలు లేకుండానే వచ్చాయి, రాజధాని మనామాలో ట్రాఫిక్ ఆగిపోయింది. లింగన్న ఒక మూల కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ, గింత కష్టం ఎవడు పడుమన్నడని గొణుగుతూనే ఉన్నాడు. అంజవ్వ ఫోన్ చేస్తే స్పీకరు పెట్టాడు.

"గెలిచినవా?"

"గెలిచిన. పంతొమ్మిది మంది శనగలేసిండ్రు."

"నన్నడిగితె పెసరే ఏద్దును. పెద్దరికం ఊడితెనన్న ఇంటిదిక్కు రెండు దినాలు ఎక్కువుంటవు."

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది కిషన్. వచ్చే ఏడాది ఆమె ఓటు కూడా లెక్కలో వెయ్యాలని గణపతి మామతో అన్నాడు.

రంజాన్ వచ్చేసరికి మధ్యాహ్నం డబ్బా కూడా మానేసి, తెల్లారకముందే అన్నం వార్చుకోవడం మొదలుపెట్టాం. పొద్దున పొయ్యి వెలిగించుకోవడానికి బాసును రెండుసార్లు అడగాల్సి వచ్చింది. రెండోసారి అడిగింది ఎవరో చెప్పక్కర్లేదు. లోవరాజు ఇప్పుడు పలక మీద అక్షరాలు దిద్దుతున్నాడు, లింగన్న దగ్గరే. ఈసారి అర్జీ సొంతంగా రాసుకుంటానంటాడు. ఎవరి మీద అంటే ఇంకా అనుకోలేదండి అంటాడు.

ఇదంతా రాసి, మొన్న శుక్రవారం వంటగదిలో లింగన్నకు మొదటినుంచీ చదివి వినిపించాను. ఆయన బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నాడు. కఫీల్ కన్నీళ్ల దగ్గర ఏమీ అనలేదు. మనామాలో ట్రాఫిక్ ఆగిన దగ్గరా ఏమీ అనలేదు. చదవడం అయ్యాక చేట పక్కన పెట్టి అన్నాడు:

"ఐదు గాదు, నాలుగు. కిషన్‌ది కిషనే రాసుకున్నడు. మంచిగనే రాసిండు."